టెన్త్ అయింది, ఇగ ఏ గ్రూప్?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చూస్తే దాదాపు అందరిదీ ఒకటే ముచ్చట. టెన్త్ రిజల్ట్ వచ్చింది, ఇంటర్ ల ఏ గ్రూప్ తీస్కోవాలె, ఏ కాలేజ్ ల చెయ్యాలె. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చేసారికి పెట్టి ఇవే తీస్కున్న. పేర్లు వెయ్యొద్దన్నరు కాబట్టి ఊర్లు మాత్రమే వేస్తున్న.

ప్రశ్న: సార్ నమస్తే. మా బిడ్డకు టెన్త్ ల 541 మార్కులొచ్చినయ్. తనకు మ్యాథ్స్ అంటే భయం, అందుకే బైపీసీ తీస్కుంట, డాక్టర్ అయిత అంటది. మా ఆయనేమో నీట్ ల సీట్ రాకపోతే బైపీసీతోని ఏం చేస్తది, ఎంపీసీ అయితే ఏదో ఒక ఇంజనీరింగ్ సీటన్న దొరుకుతది అంటున్నరు. కాలేజోళ్లు ఇప్పటికే ఇంటి సుట్టు తిరుగుతున్నరు. ఇంట్ల రోజూ ఇదే లొల్లి. ఏం చెయ్యమంటరు? (ఒక తల్లి, హన్మకొండ)

జవాబు: అమ్మా, మీ ఆయన చెప్పేదాంట్ల కొంత నిజం ఉంది, మీ బిడ్డ చెప్పేదాంట్ల కూడా ఉంది, కానీ ఇద్దరూ ఒక సంగతి మర్చిపోతున్నరు. మ్యాథ్స్ కు భయపడి బైపీసీకి పోతే అక్కడ ఫిజిక్స్ కూసోని ఉంటది. మన ఇంటర్ బోర్డుల ఎంపీసీ పిల్లలకూ బైపీసీ పిల్లలకూ ఫిజిక్స్ పుస్తకం ఒకటే, కెమిస్ట్రీ పుస్తకం ఒకటే, తేడా ఏం లేదు. నీట్ మొత్తం 720 మార్కులైతే అందుల బయాలజీకి 360, ఫిజిక్స్ కు 180, కెమిస్ట్రీకి 180. కరెక్ట్ కు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. బయాలజీ అందరూ మంచిగనే చేస్తరు, కష్టపడి చదివే పిల్లలైతే 300 దాటుడు పెద్ద విషయం కాదు, అందుకే సీటు ఎవరికి వస్తది ఎవరు లాంగ్ టర్మ్ కు (మళ్ల ఇంకో ఏడాది కోచింగ్ కు) పోతరు అనేది చాలాసార్లు ఫిజిక్స్ దగ్గరే తేలుతది.

కాబట్టి అడ్మిషన్ కట్టేముందు ఒక పని చెయ్యుండ్రి. ఎవరన్న సీనియర్ పిల్లల దగ్గర ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్, బాటనీ, జువాలజీ పుస్తకాలు అడుక్కొచ్చి బిడ్డ ముందట పెట్టుండ్రి. ఫిజిక్స్ ల మోషన్ ఇన్ ఎ ప్లేన్ అని ఒక చాప్టర్ ఉంటది. ఒక బంతిని సెకనుకు 20 మీటర్ల స్పీడ్ తోని 45 డిగ్రీల కోణంల విసిరితే ఎంత దూరం పోయి పడ్తది, ఇసొంటి లెక్కలుంటయ్. ఫార్ములాల కోణానికి రెట్టింపు, అంటే 90 పెట్టాలె, స్పీడ్ స్క్వేర్ ను సైన్ 90 తోని గుణించి, గ్రావిటీ 10 తోని భాగిస్తే 40 మీటర్లు. సైన్ 90 అంటే 1 అని టెన్త్ లనే చదివింది కదా, కొత్తగ వచ్చిందేం లేదు. ఆ లెక్క కూసోని అర్థం చేస్కుని, ఇంకో రెండు తనంతట తనే చేయబట్టిందంటే మ్యాథ్స్ భయం అనేది నిజంగ మ్యాథ్స్ భయం కాదు, స్కూల్ల ఎవరో సరిగ చెప్పలేదంతే. బుక్కు చూడంగనే మొహం తిప్పుకుంటే మాత్రం నీట్ సంగతి ఇంకోసారి ఆలోచించాలె. అట్లనే జువాలజీల బొద్దింక మీద పెద్ద చాప్టర్ ఉంటది, దాని నోటి భాగాలు, గుండె గదులు, నరాలు, అన్నీ పేర్లతోని గుర్తుపెట్టుకోవాలె. అది చదివినంక "ఛీ" అంటదా, "అమ్మా బొద్దింక గుండెకు 13 గదులంట" అని మీకు వచ్చి చెప్తదా చూడుండ్రి. కౌన్సెలింగ్ సెంటర్లల్ల పెట్టే పరీక్షల కన్న నాకు ఇదే నమ్మకం.

ఇగ మీ ఆయన ప్రశ్న, సీటు రాకపోతే ఏంది అని. బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే అనుకునుడు మన దగ్గర ఎట్ల పడ్డదో పడ్డది. మన రాష్ట్రం ఎంట్రన్స్ ఎప్సెట్ ల అగ్రికల్చర్ అండ్ ఫార్మసీ స్ట్రీమ్ అని వేరే ఉంటది, 160 మార్కులు, బయాలజీ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, నెగెటివ్ మార్కులు లేవు. దాంతోని బీఎస్సీ అగ్రికల్చర్, బీ ఫార్మసీ, ఫార్మ్ డీ, బయోటెక్నాలజీల బీటెక్ కు కూడా పోవచ్చు. అగ్రికల్చర్ కాలేజ్ జగిత్యాల పొలాసల ఉంది, వరంగల్ ల కూడా ఉంది, రైతుల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంటది, మీకు ఊర్ల భూమి ఉంటే ఆ రూల్స్ తప్పకుండ చూస్కోండ్రి. మెడికల్ సీట్లు కూడా మన దిక్కు ఇదివరకటి లెక్క లేవు. ఒకప్పుడు సర్కారు కాలేజ్ అంటే వరంగల్ ల ఎంజీఎం దవాఖాన దగ్గర కాకతీయ మెడికల్ కాలేజ్ ఒక్కటే, 1959 నాటిది. ఇప్పుడు మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేట, అన్నిట్ల గవర్నమెంట్ మెడికల్ కాలేజీలు వచ్చినయ్. పోటీ తగ్గిందని అంటలేను, రాసేటోళ్లు కూడా అంతకంత పెరిగిండ్రు.

ఎంపీసీ అయితే "ఏదో ఒక సీటు" అన్న మాట మీదనే నాకు కోపం వస్తది. ఏదో ఒక సీటు దొరుకుతది నిజమే, ఇష్టం లేని పిల్ల ఏదో ఒక కాలేజ్ ల నాలుగేండ్లు బ్యాక్ లాగ్స్ రాసుకుంట కూసుంటే ఆ సీటుతోని ఏం లాభం.

ఇంటికొచ్చిన కాలేజోళ్ల సంగతి. వాళ్లు టార్గెట్ మీద తిరుగుతరు, వాళ్ల తప్పు కాదు, జీతం అట్లుంటది. కానీ అడ్వాన్స్ కట్టేముందు ఆ బిల్డింగ్ కు ఇంటర్ బోర్డు అఫిలియేషన్ ఉందా లేదా బోర్డు వెబ్ సైట్ ల చూడుండ్రి, ఎందుకంటే పేరు ఒకటి ఉంటది, చదువు చెప్పే బిల్డింగ్ ఇంకోటి ఉంటది, హాల్ టికెట్ మీద వచ్చే కాలేజ్ మూడోది ఉంటది.

ప్రశ్న: సర్ నేను పరకాల దగ్గర పల్లె నుండి రాస్తున్న. నాకు సోషల్ అంటే ఇష్టం, పేపర్ రోజు చదువుత, గ్రూప్స్ కొట్టాలని ఉంది. సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) తీస్కుంట అంటే మా నాయిన, సీఈసీ అంటే చదువు రానోళ్లు తీస్కునేది, ఊర్ల ఇజ్జత్ పోతది అంటున్నడు. మా దోస్తులందరు ఎంపీసీ. నాయినకు ఎట్ల చెప్పాలె?

జవాబు: తమ్మీ, ముందుగాల మీ నాయిన ఎందుకు అట్ల అంటుండో చెప్త. మన దగ్గర చానా ఏండ్లు మార్కులు తక్కువొచ్చిన పిల్లల్ని సీఈసీ, హెచ్ఈసీలకు (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) తోసిండ్రు, ఆ పేరు ఇంక పోలేదు. గ్రూప్ తప్పు కాదు అది, దాన్ని చెత్తబుట్ట లెక్క వాడుకున్న స్కూల్లది.

ఇప్పుడు అసలు సంగతి. గ్రూప్ వన్, గ్రూప్ టూ, సివిల్స్, వీటికి డిగ్రీ ఉంటే చాలు, ఏ డిగ్రీ అయినా ఒకటే. ఇంజనీరింగ్ చేసినోళ్లు కూడా ఆఖరికి హిస్టరీ, పాలిటీ, ఎకానమీ పుస్తకాలే పట్టుకుని కూసుంటరు, నువ్వు ఆ ఎకనామిక్స్, సివిక్స్ పదహారేండ్లకే మొదలుపెడ్తున్నవ్, గంతే తేడా. కానీ ఒక్క మాట చెప్త విను, గ్రూప్స్ ఒక్కటే నమ్ముకోకు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో, వచ్చినంక కోర్టుల ఎన్ని రోజులుంటదో మన రాష్ట్రంల అందరికీ ఎరుకే. పక్కన ఇంకో దారి ఉండాలె.

సీఈసీతోని ఆ దారులు ఉన్నయ్. అయిదేండ్ల లా కోర్సుకు ఏ గ్రూప్ అయినా సరే, ఇంటర్ ల జనరల్ వాళ్లకు 45 శాతం ఉంటే లాసెట్ రాయొచ్చు, ఇంగ్లిష్ మీద పట్టు ఉంటే దేశం మొత్తానికి పెట్టే లా ఎంట్రన్స్ క్లాట్ రాసి శామీర్ పేట నల్సార్ లా యూనివర్సిటీ దిక్కు కూడా చూడొచ్చు. సీఏకు ఫౌండేషన్ పరీక్షల నాలుగు పేపర్లు, అకౌంట్స్, బిజినెస్ లా, ఎకనామిక్స్, ఇంకోటి క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్. ఒక్కో పేపర్ ల 40, మొత్తం మీద 50 శాతం రావాలె. 2024 నుండి ఏడాదికి మూడుసార్లు పెడ్తున్నరు. ఆ ఆప్టిట్యూడ్ పేపర్ ల లెక్కలు, స్టాటిస్టిక్స్ ఉంటయ్ కాబట్టి సీఏ మీద మనసుంటే ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) మంచిది, సీఈసీ వాళ్లు రాయొద్దని ఏం లేదు, కొంచెం ఎక్కువ కష్టపడాలె. ఎంఈసీల మ్యాథ్స్ పేపర్ ఎంపీసీదే, తేలికగ ఉంటదనుకుని దిగకు. టీచర్ కావాలంటే డిగ్రీల నువ్వు తీస్కునే సబ్జెక్టులను బట్టి బీఈడీల మెథడాలజీ (నువ్వు చెప్పబోయే సబ్జెక్ట్) వస్తది, అది డిగ్రీ చేరేముందు చూస్కోవాలె.

నాయినకు చెప్పుడెట్ల అన్నవ్. వాదన పెట్టకు. సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజ్ కు ఒకరోజు ఇద్దరు కలిసి పోండ్రి, అక్కడ బీఏ, బీకాం చెప్పే సార్ ఎవరినన్న కలిసి ఈ కోర్సు చేసిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నరో అడుగుండ్రి. పక్కింటోళ్ల మాట కన్న వేరే పెద్దమనిషి మాట నాయినలు వింటరు. ఇంకోటి, సర్కారు జూనియర్ కాలేజ్ ల ట్యూషన్ ఫీజ్ లేదు, పుస్తకాలు ఉత్తగనే ఇస్తరు. సీఈసీకి కార్పొరేట్ కాలేజ్ ల వేలకు వేలు కట్టే అవసరం నాకైతే కనిపిస్తలేదు. మిగిలిన పైసలతోని ఇంగ్లిష్ నేర్చుకో, లా కోర్సుకు పోయినా గ్రూప్స్ కు పోయినా మన పల్లె పిల్లలు అక్కడనే తట్టుకుంటున్నరు.

ప్రశ్న: మా బాబు మెకానికల్ పనులంటే ఇష్టపడ్తడు, ఇంట్ల మోటర్ ఖరాబైనా వాడే ఇప్పుతడు. ఇంటర్ ఎంపీసీ మంచిదా, పాలిటెక్నిక్ మంచిదా, బాసర ట్రిపుల్ ఐటీకి అప్లై చేయాల్నా? (పెద్దపల్లి)

జవాబు: లెక్క చూస్తే టైం ఒకటే అన్నా. ఇంటర్ రెండేండ్లు, బీటెక్ నాలుగేండ్లు, ఆరు. డిప్లొమా మూడేండ్లు, డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ రాస్తే బీటెక్ సెకండ్ ఇయర్ ల చేరొచ్చు, అది మూడేండ్లు, ఇదీ ఆరే. బాసరది కూడా ఆరేండ్ల కోర్సే. తేడా ఏందంటే డిప్లొమా వాడికి మధ్యల ఆగే చోటు ఉంటది. మూడేండ్లు కాంగనే రైల్వే జూనియర్ ఇంజనీర్ అసొంటి పోస్టులకు రాయొచ్చు, ఇంటర్ ఎంపీసీ ఒక్కటే ఉన్న పిల్లగాడికి అది కాదు. మోటర్ ఇప్పే పిల్లగానికి వర్క్ షాప్, ల్యాబ్ ఉన్న చదువే నచ్చుతది అని నా అభిప్రాయం, పొద్దుగాల ఆరింటి నుండి రాత్రి పదింటి దాక స్టడీ అవర్ల కూసోబెడితే వాడు ఉన్న ఇష్టం కూడా పోగొట్టుకుంటడు.

పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ టెన్త్ సిలబస్ మీదనే ఉంటది, దాని తారీఖు టెన్త్ రిజల్ట్ దగ్గర్లనే వస్తది కాబట్టి అప్లై చేసి ఉంటే సరే, లేకపోతే ఈ ఏడు దాటిపోయినట్టే. బాసరకు ఎంట్రన్స్ ఉండదు, టెన్త్ మార్కుల మీదనే సీటు, సర్కారు బడుల చదివిన పిల్లలకు కొంత కలిపిస్తరు. అప్లై చెయ్యుండ్రి, వచ్చినంక చూస్కోవచ్చు. కానీ ఎన్ఐటీ వరంగల్ అసొంటి దానికి పోవాలని వాడికి ఉంటే మాత్రం ఇంటర్ ఎంపీసీనే దారి, జేఈఈ మెయిన్ రాయాలె. అక్కడ సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే ఉంటయ్, ఆ సంగతి మన వరంగల్ల ఉన్నోళ్లకే చాలామందికి తెల్వదు.

ప్రశ్న: సర్ ఎంపీసీ చదువుకుంట బయాలజీ కూడా తీస్కుంటే ఇంజనీరింగ్, నీట్ రెండూ రాయొచ్చు కదా? (మహబూబాబాద్)

జవాబు: కాయిదం మీద ఉంది. 2023 నవంబర్ ల నేషనల్ మెడికల్ కమిషన్ ఇచ్చిన నోటీస్ ప్రకారం బయాలజీని అడిషనల్ సబ్జెక్ట్ గ తర్వాత పాసైనా నీట్ రాయొచ్చు. కానీ ఒక్క పిల్లగాడు ఒకేసారి జేఈఈ మ్యాథ్స్, నీట్ బయాలజీ రెండూ మోసుడు అంటే ఏది కూడా సరిగ కాదు. ఇంటర్ ఎంపీసీ చేసినంక మనసు మారితే వాపస్ వచ్చే దారి ఉంది అని తెల్సుకునుడు వరకు మంచిదే, దాన్ని ప్లాన్ లెక్క పెట్టుకోకు. ఫార్మసీ కావాలంటే అసలు ఈ కష్టమే వద్దు, ఎంపీసీ వాళ్లకు కూడా ఎప్సెట్ తోనే బీ ఫార్మసీ సీట్లుంటయ్.

ప్రశ్న: సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీస్కోమని కాలేజ్ ల బలవంతం చేస్తున్నరు, మార్కులు బాగొస్తయంట. నాకు తెలుగే ఇష్టం. (జమ్మికుంట నుండి ఒక చెల్లె)

జవాబు: చెల్లె, ఎప్సెట్ ల ఇదివరకు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజ్ ఉండే, అప్పుడు ఆ మాటకు అర్థం ఉండే. ఇప్పుడు వెయిటేజ్ తీసేసిండ్రు, ర్యాంక్ పూర్తిగ ఎంట్రన్స్ మార్కుల మీదనే. ఐఐటీ, ఎన్ఐటీలకు మాత్రం ఇంటర్ ల 75 శాతం, ఎస్సీ ఎస్టీలకు 65 శాతం కావాలె, లేదంటే బోర్డుల టాప్ 20 పర్సెంటైల్ ల ఉండాలె, అందుల లాంగ్వేజ్ మార్కులు కూడా లెక్కకొస్తయ్. డిగ్రీ సీట్లకు పెట్టే దోస్త్ ఆన్‌లైన్ అడ్మిషన్లల్ల కూడా ఇంటర్ మార్కులే చూస్తరు. ఇన్నేండ్లు తెలుగు ఇష్టంగ చదివిన పిల్లకు తెలుగుల 75 శాతం రాకుండ పోవుడు ఏంది. తెలుగే తీస్కో. కాలేజ్ ల తెలుగు సెక్షన్ లేదంటే అది వేరే సంగతి, అప్పుడు కాలేజ్ గురించే మళ్ల ఆలోచించు.

ప్రశ్న: ఎంపీసీల చేరి నెల అయింది. ఏం అర్థమైతలేదు, సీఈసీకి మారొచ్చా? అడ్మిషన్ ఫీజ్ వాపస్ ఇస్తరా? (నర్సంపేట)

జవాబు: మారొచ్చు, కానీ రేపే ప్రిన్సిపాల్ దగ్గరికి పో. పరీక్ష ఫీజ్ తోటి నీ గ్రూప్ బోర్డుకు పోతది, ఆ లోపలనే మార్పిచ్చుకోవాలె, బోర్డు ఇచ్చిన గడువు ఎన్నడు అని కాలేజ్ ఆఫీస్ ల క్లర్క్ ను అడుగు, ఆయనకే సరిగ ఎరుక ఉంటది. పోయేముందు ఒక్కసారి చూస్కో, అర్థం కాంది మూడు సబ్జెక్టులా, ఒక్క మ్యాథ్సేనా. తెలుగు మీడియం నుండి వచ్చినోళ్లకు మొదటి నెల ఇంగ్లిష్ ల ఏదీ అర్థం కాదు, అది గ్రూప్ తోని పోయేది కాదు, సీఈసీల కూడా కామర్స్ ఇంగ్లిష్ ల చెప్తే గదే బాధ. ఫీజ్ సంగతి అయితే, అదే కాలేజ్ ల గ్రూప్ మారితే కట్టింది సర్దుమని అడుగు. వేరే కాలేజ్ కు పోవాలంటే ముందు నీ టీసీ, మెమో చేతికి తీస్కో, ఆ తర్వాత పైసల మాట ఎత్తు. ఉల్టా చేస్తే సర్టిఫికెట్లు పట్టుకుని కూసుంటరు.