ఐరన్ మాత్రలు మూడు నెలలు వేసుకున్నా హిమోగ్లోబిన్ ఎందుకు పెరగడం లేదు?

చాలాసార్లు లోపం మాత్రలో ఉండదు, వేసుకునే వేళలో ఉంటుంది. టీ, కాఫీలలోని టానిన్లు ఐరన్‌ను పేగుల్లోనే పట్టేసి ఒంట్లోకి చేరనివ్వవు. మాత్రకు ముందు గంట, తర్వాత రెండు గంటలు అవి వద్దు. కాల్షియం మాత్ర కూడా దీంతో కలిపి వేసుకోకూడదు. గర్భిణులకు రెండూ ఇస్తారు కదా, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి వేసుకోండి. పరగడుపున నిమ్మరసంతో అయితే ఐరన్ బాగా పడుతుంది. వికారంగా ఉంటే మానేయకుండా, రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. విరేచనం నల్లబడటం మామూలే. అది చూసి భయపడి ఆపేసేవాళ్లు చాలామంది.

ఇవన్నీ పాటించినా నెలకు 1 గ్రాము కూడా పెరగలేదంటే రక్తం ఎక్కడో పోతోందేమో చూడాలి. నెలసరి 7 రోజులు దాటినా, గంటకో ప్యాడ్ తడిసినా గైనకాలజిస్టును కలవండి. "ఆడవాళ్లకు ఇదంతా మామూలే" అన్న మాటతో దయచేసి సరిపెట్టుకోకండి. కొంకి పురుగులు (పేగుల్లో రక్తం పీల్చేవి), బి12 లోపం, తలసీమియా మైనర్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త సమస్య) కూడా కారణాలు కావచ్చు.

ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12కి (గర్భిణుల్లో 11కి) చేరగానే మాత్రలు ఆపేయకండి. ఒంట్లో ఐరన్ నిల్వలు నిండటానికి ఇంకో 3 నెలలు పడుతుంది. ఆ నిల్వలు ఎంతున్నాయో సీరం ఫెర్రిటిన్ పరీక్షలో తెలుస్తుంది.