నీట్ వద్దు, ఆ మందే తయారు చేస్తానంటోంది

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. ఏడో నెలలోనే పుట్టిన నా చెల్లెలి కొడుక్కి ఊపిరి అందకపోతే, గొట్టం ద్వారా ఏదో ద్రవం పోసి బతికించారు. అప్పటి నుంచి ఆ మందే తయారు చేస్తానంటోంది, నీట్ వద్దంటోంది. దీనికి కోర్సు ఉందా?

జవాబు: ఆ మందు పేరుతో కోర్సు లేదు, దారి ఉంది. మీ మేనల్లుడికి పోసింది సర్ఫాక్టెంట్ అయి ఉంటుంది. మీ అమ్మాయిని మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో తలతన్యత (ద్రవం పైపొరను బిగించి ఉంచే గుణం) పాఠం మళ్లీ తీయమనండి. బుడగ ఎంత చిన్నదైతే లోపలి పీడనం అంత ఎక్కువని అందులో ఉంటుంది. ఊపిరితిత్తుల్లోని గాలి గదులూ తడి పొర ఉన్న బుడగల్లాంటివే. ఊపిరి వదిలినప్పుడు అవి ముడుచుకుపోకుండా తలతన్యతను తగ్గించేది సర్ఫాక్టెంట్. అందులో దాదాపు 90 శాతం కొవ్వులు, మిగిలినవి ప్రొటీన్లు. నెలలు నిండని బిడ్డలో అది చాలదని 1959లో ఏవరీ, మీడ్ అనే పరిశోధకులు చూపించారు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన పదార్థంతో పదిమంది శిశువులకు చికిత్స చేసింది. నేటికీ ఎక్కువగా వాడేది ఆవు, పంది ఊపిరితిత్తుల సారమే.

కృత్రిమంగా చేయడంలో చిక్కంతా ప్రొటీన్లతోనే. నీటికి పొసగని ఆ ప్రొటీన్లు విడిగా తయారు చేస్తే ముద్ద కడతాయి. వాటిని అనుకరించే పెప్టైడ్ అనే చిన్న ప్రొటీన్ ముక్క‌తో చేసిన మందుకు 2012లో అమెరికా అనుమతి దక్కింది, మార్కెట్లో మాత్రం నిలవలేదు. పెద్దవాళ్ల తీవ్ర శ్వాస వైఫల్యంలో సర్ఫాక్టెంట్ ప్రాణం కాపాడుతుందని ఇంకా రుజువు కాలేదు. మీ అమ్మాయికి పని మిగిలే ఉంది!

నీట్ రాస్తే ఆ మందు పోసే డాక్టరవుతుంది. తయారీకైతే నా ఓటు బీఫార్మసీకి. ఎప్‌సెట్ బైపీసీతోనే రాయవచ్చు. తర్వాత ఫార్మసీ పీజీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ గట్టెక్కి, కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ అయిన హైదరాబాద్ నైపర్‌లో ఫార్మస్యూటిక్స్ (మందుల రూపకల్పన) పీజీకి ప్రయత్నించాలి. లెక్కలంటే భయం లేకపోతే ఐసర్ (సైన్స్ చదువు, పరిశోధనల కేంద్ర సంస్థలు) ప్రవేశ పరీక్ష కూడా రాయించండి, దానికి బైపీసీ సరిపోతుంది.

పీహెచ్‌డీ దాకా పదేళ్లు పైనే. (పెళ్లి సంగతి నన్నడగకండి.) జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే భృతి) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. ఈ ఒక్క మందునే నమ్ముకుంటే ఉద్యోగాలు తక్కువ. కొవ్వులను నీటిలో నిలకడగా కలిపే నేర్పు వస్తే మాత్రం లైపోజోమ్ మందులు (సన్నని కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చేవి) చేసే కంపెనీల్లోనూ పనికొస్తుంది.

ఎప్‌సెట్‌తో పాటు నీట్ కూడా రాయమనండి, ఒక పరీక్ష ఎక్కువ రాస్తే నష్టం లేదు. మెడిసిన్ సీటు వచ్చినా చేరమని ఒత్తిడి మాత్రం చేయకండి.