కీళ్లవాతానికి కైనేజ్ మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 58 ఏళ్లు, బీపీ ఉంది. రుమటాయిడ్ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నా పొద్దున లేవగానే పిడికిలి బిగించలేకపోతోంది. ఇప్పుడు టోఫాసిటినిబ్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు రాశారు. నెట్‌లో చూస్తే కైనేజ్‌ను ఆపే మందు, క్యాన్సర్ మందుల జాతి, గుండెపోటు కూడా రావచ్చు అని ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. వాడమంటారా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కైనేజ్‌లు మన కణాల్లో సహజంగా ఉండే ఎంజైములమ్మా, 500కు పైగా ఉన్నాయి. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ఇంకో ప్రోటీన్‌కు తగిలిస్తాయి, దాంతో ఆ ప్రోటీన్ పని మొదలుపెడుతుంది లేదా మానేస్తుంది. కొన్ని క్యాన్సర్ మందులు ఆపేది ఒక రకం కైనేజ్‌లనైతే, మీ అమ్మగారి మాత్ర ఆపేది జాక్ అనే వేరే కుటుంబాన్ని.

కీళ్లవాతంలో ఐఎల్-6 లాంటి సైటోకైన్లు (కణాల మధ్య కబురు మోసే ప్రోటీన్లు) కణం పైన ఆ కబురు అందుకునే రిసెప్టర్‌కు వచ్చి అతుక్కుంటాయి. లోపలివైపు దాన్నే అంటిపెట్టుకుని ఉన్న జాక్ వెంటనే స్టాట్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, అది కేంద్రకంలోకి వెళ్లి వాపు పెంచే జన్యువులను పనిచేయిస్తుంది. ఏటీపీ కూర్చోవాల్సిన చోట ఈ మందు కూర్చుంటుంది కాబట్టి కబురు అక్కడే ఆగిపోతుంది. నొప్పి మాత్రలు నొప్పిని తగ్గిస్తాయి గానీ కీలు దెబ్బతినడాన్ని ఆపలేవు, అందుకే ఇలాంటి మందు అవసరమవుతుంది.

చిక్కేమిటంటే జాక్‌లు నాలుగే, వాటి మీద ఆధారపడే సైటోకైన్లు మాత్రం డజన్ల కొద్దీ. టీబీని అదుపులో పెట్టే గామా ఇంటర్‌ఫెరాన్ కబురు కూడా వీటి ద్వారానే వెళ్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు, రక్తకణాల లెక్క, లివర్, కొలెస్ట్రాల్ చూడాల్సిందే. మన దేశంలో టీబీ పరీక్ష లేకుండా ఈ మాత్ర రాయడం నా దృష్టిలో తప్పు. సర్పి వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది, దాని టీకా గురించి ముందే అడగండి.

ఇక గుండె సంగతి. 50 ఏళ్లు దాటి, గుండెజబ్బు ముప్పు కనీసం ఒకటైనా ఉన్న 4,362 మందిని సుమారు నాలుగేళ్లు గమనించారు. గుండెపోటు, పక్షవాతం వంటివి టోఫాసిటినిబ్ వాడినవాళ్లలో 3.4 శాతం మందికి, టీఎన్‌ఎఫ్ అనే, వాపు పెంచే మరో సైటోకైన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు వాడినవాళ్లలో 2.5 శాతం మందికి వచ్చాయి. క్యాన్సర్లు 4.2, 2.9 శాతం. తేడా పెద్దది కాదు, కానీ ఉంది. అందుకే 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, టీఎన్‌ఎఫ్ మందు పనిచేయకపోతేనో, పడకపోతేనో దీన్ని వాడమంది. వయసు, బీపీ చూస్తే మీ అమ్మగారు సరిగ్గా ఆ కోవలోకే వస్తారు. కాబట్టి అడాలిముమాబ్ లాంటి టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్ ముందు ఎందుకు వద్దనుకున్నారో మీ డాక్టర్‌ని నేరుగా అడగండి. ఖర్చే కారణమైతే అది కూడా ఓపెన్‌గా మాట్లాడుకోవాల్సిన విషయమే. మాత్ర మొదలయ్యాక జ్వరం, ఒక కాలు వాపు, ఆయాసం ఏది వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: వాపుకు పీ38 కైనేజ్ కూడా కీలకమని చదువుకున్నాం. మరి దానికి మందెందుకు రాలేదు సార్?
- ఫార్మసీ విద్యార్థి, వరంగల్

జవాబు: మంచి ప్రశ్న బాబూ. 1994 నుంచి దాని వెంట పడని పెద్ద కంపెనీ లేదనే చెప్పాలి. కీళ్లవాతం ట్రయల్స్‌లో సీఆర్‌పీ (రక్తంలో వాపు తీవ్రతను చూపే ప్రోటీన్) మొదటి వారాల్లో తగ్గింది, మందు వాడుతుండగానే మళ్లీ పెరిగింది, కొన్ని మందులతో లివర్ ఎంజైములు కూడా పెరిగాయి. పీ38 వాపును పెంచడమే కాదు, వాపుకు బ్రేకు వేసే ఐఎల్-10 వంటివాటిని కూడా నడిపిస్తుంది, దాన్ని మూసేస్తే ఆ బ్రేకులూ పోతాయి. అందుకే కొందరు ఇప్పుడు దాని కింద పనిచేసే ఎంకే2 అనే కైనేజ్ మీద దృష్టి పెట్టారు. జాక్ కుటుంబంలోని టిక్2ను ఆపే డ్యూక్రావాసిటినిబ్ మరో దారి పట్టింది: ఏటీపీ చోటును వదిలేసి, ఆ ఎంజైమును అదుపు చేసే భాగానికి అతుక్కుంటుంది, అందుకే మిగతా జాక్‌ల జోలికి పెద్దగా పోదు. 2022లో సోరియాసిస్‌కు అనుమతి వచ్చింది. ప్రాజెక్టు చేస్తే దాని మీద చెయ్యి.