హ్యాకర్ల బోర్డ్ గేమ్ ఆడిస్తే పిల్లలు చెడిపోతారా?

చెడిపోరు. ఆ భయం ఉన్నవాళ్లు ముందు ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మార్చుకోండి.

మా ఇంట్లో ఉన్నది స్టీవ్ జాక్సన్ గేమ్స్ వాళ్లు 1992లో తెచ్చిన 'హ్యాకర్'. అమెరికాలో ఉండే మా బావ సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చాడు. దాని పుట్టుకే తమాషా. 1990 మార్చి 1న అమెరికా ప్రభుత్వ దర్యాప్తు సంస్థ సీక్రెట్ సర్వీస్ వాళ్లు ఓ హ్యాకర్ల కేసులో ఆస్టిన్‌లో ఆ కంపెనీ ఆఫీసు మీద పడి కంప్యూటర్లూ, ఇంకా అచ్చుకాని ఓ గేమ్ పుస్తకం ప్రతీ పట్టుకుపోయారు. కంపెనీ కోర్టుకెక్కి 1993లో గెలిచింది. ఈలోపు ఆ దాడినే ఆటగా చేసి అమ్ముకుంది! మన దగ్గరైతే స్టేషన్ చుట్టూ తిరగడానికే పుణ్యకాలం గడిచిపోయేది.

కార్డులు పేర్చి నెట్‌వర్క్ కడతారు, పాచికలు వేసి సిస్టమ్స్‌లోకి దూరతారు. ముందుగా 12 సిస్టమ్స్‌లో అకౌంట్ సంపాదించినవాళ్లది గెలుపు. అసలు మజా అంతా బేరాల్లో ఉంది.

మే నెలలో మల్కాజిగిరిలో మా ఫ్లాట్‌లో ఆడాం. ఫ్యాన్ వేస్తే కార్డులు ఎగిరిపోతాయి, ఆపితే చెమటలు. నెట్‌వర్క్ మీద వంటింటి గరిటెలన్నీ బరువు పెట్టాం. పక్క ఫ్లాట్ అబ్బాయి కోడింగ్ క్లాసులకి పోతాడు, మాకందరికీ పాఠం చెప్తూ ఆడాడు. పది సిస్టమ్స్ దాకా వచ్చేసరికి లేచి అరిచాడు కూడా. మా అక్క కూతురు అప్పటిదాకా నోరు విప్పలేదు. మెల్లగా నా పక్కకి జరిగి, "మామా, నువ్వెట్లాగూ గెలవవు. నీ రెయిడ్ కార్డు వాడి మీద వెయ్యి, ఆ పెద్ద సిస్టమ్‌లోకి దూరడానికి నేను సాయం చేస్తా" అంది. వేశా.

"అక్కా, ఇది చీటింగ్!"

"రూల్స్ చదువుకోరా."

అదే గెలిచింది. నాకు చేస్తానన్న సాయం? అడిగితే "చూద్దాం మామా" అంది.

అమీర్‌పేట సందుల్లో 'ఎథికల్ హ్యాకింగ్' బోర్డు చూసి మా ఆఫీసు కుర్రాడొకడు ఫీజు కట్టాడు. దక్కింది ఒక సర్టిఫికెట్టూ, స్క్రీన్‌షాట్ల పీడీఎఫ్ఫూ. దాని బదులు ఈ ఆట ఆడినా ఏదో ఒకటి వచ్చేది. డిజిటల్ అరెస్ట్ అంటూ ముసలాళ్లని వీడియో కాల్ ముందు కూర్చోబెట్టేవాడికి కోడింగ్ ఎంత వచ్చో ఏమో, మాటలు మాత్రం బాగా వచ్చు. మా మేనకోడలికి అలాంటి కాల్ వస్తే నిమిషంలో పసిగడుతుంది, రాసిస్తా. ఆడించాల్సింది పెద్దవాళ్ల చేత. మా నాన్నకి ఈ మధ్యే నేర్పడం మొదలుపెట్టా, సైబర్ ఫిర్యాదుల నంబరు 1930 డబ్బా మూత లోపల అంటించా.

కనీసం ముగ్గురుండాలి, ఆరుగురి దాకా ఆడొచ్చు. కొత్త డబ్బా దొరకడం కష్టం. అమెరికా చుట్టాలకి ఎలాగూ ఆవకాయ పంపుతారుగా, వాళ్లనే పాత డబ్బా ఒకటి వెతికి తెమ్మనండి.