కిటికీ అద్దంతో ఇన్వర్టర్ నడుస్తుందా?

ప్రశ్న: బరంపురంలో ఇల్లు కడుతున్నాం. హాల్లో దక్షిణం వైపు 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తున్న కిటికీలు రెండు వస్తున్నాయి. పారదర్శక సోలార్ అద్దాలు బిగిస్తే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జ్ అవుతుందా? మున్ముందు పై అంతస్తు వేస్తాం కాబట్టి డాబా మీద ప్యానెళ్లు వద్దనుకుంటున్నాం.

జవాబు: అవుతుంది, ఐదారు రోజులకోసారి! రెండు కిటికీలూ కలిపి దాదాపు 3.7 చదరపు మీటర్లు. నిలువు గోడ మీద చదరపు మీటరుకు రోజుకు 2.5 యూనిట్ల ఎండ పడుతుందనుకున్నా, 5 శాతం సామర్థ్యమున్న అద్దం ఇచ్చేది 0.46 యూనిట్. నష్టాలు పోను 0.35 మిగులుతుంది. ఖాళీ బ్యాటరీ నిండడానికి 1.8 కావాలి. రోజూ వచ్చే ఆ 0.35తో 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే) ఫ్యాన్ ఒక్కటైతే పదకొండు గంటలు తిరుగుతుంది.

5 శాతమే ఎందుకంటే, మామూలు ప్యానెల్ నల్లగా ఉండేది కంటికి కనిపించే వెలుగును మింగేస్తుంది కాబట్టే. పారదర్శక అద్దం ఆ వెలుగును గదిలోకి వదిలేసి అతినీలలోహిత, పరారుణ కిరణాలనే పట్టుకోవాలి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ 2014లో చూపించిన అద్దం సామర్థ్యం 1 శాతం దగ్గరే. 2017 నాటికి 5 దాటింది.

అద్దం సంగతి అలా ఉంచి మీ కిటికీ చూడండి. బరంపురంలో మే నడిమి నుంచి జులై చివరిదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. ఫ్యాను ఆపలేని రోజుల్లోనే దక్షిణపు అద్దానికి నేరుగా ఎండ తగలదన్నమాట. కిటికీ నెత్తిన అడుగున్నర సన్‌షేడ్ ఉందా, మార్చి 21 మధ్యాహ్నం కూడా 4 అడుగుల కిటికీ మొత్తం నీడలోనే. గ్రిల్ బయటివైపుంటే దాని నీడ మరో బెడద: కరెంటు పుట్టించే సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి, ఒక్కదానికి నీడ పడినా ఆ వరుసంతా నీరసిస్తుంది. పైగా ఈ అద్దాన్ని సైటు దగ్గర కోయలేరు, కొలతలిచ్చి చేయించుకోవాల్సిందే.

ఎవరైనా 'సోలార్ గ్లాస్' అని తెస్తే వోల్టులు చూపించి ఒప్పిస్తారు, నమ్మకండి. మసక వెలుతురులోనూ వోల్టేజి బాగానే కనిపిస్తుంది. మంచి ఎండలో మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి షార్ట్ సర్క్యూట్ కరెంటు (అద్దం తీగలు రెండూ నేరుగా మీటరుకే కలిపితే పారేది) చూపించమనండి.

డాబా మీద 335 వాట్ల ప్యానెల్ ఒక్కటి చాలు. రెండు చదరపు మీటర్ల లోపు చోటులో మంచి ఎండ రోజున 1.3 యూనిట్లు ఇస్తుంది. దానికి 30 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీకి సరిపడా దించి, ఆ మేరకు కరెంటు పెంచే పెట్టె) పెట్టి, ఛార్జింగ్ కరెంటు 20 ఆంపియర్లు దాటకుండా సెట్ చేయించండి. చవకని, వోల్టేజిని అలా మార్చలేని పీడబ్ల్యూఎం కంట్రోలర్ కొంటే, 38 వోల్టుల ప్యానెల్‌ను 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా కట్టినట్టే. మూడింట రెండొంతులు వృథా. స్టాండుకు హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసిన) ఇనుమే వాడండి, గోపాల్‌పూర్ ఉప్పుగాలి మీకు దూరమేం కాదు. 2013లో ఫైలిన్ తుపాను తీరం దాటింది అక్కడే కాబట్టి కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు పోసి బోల్టులు బిగించాలి. పై అంతస్తు లేచినప్పుడు నట్లు విప్పి పైకి మార్చుకోవచ్చు.

కిటికీలకు వేడి తగ్గించే సన్ కంట్రోల్ ఫిల్మ్ అంటించండి, గదికి అది చాలు.