పెట్టె సర్దే ముందు 36 నెలల లెక్క

"అక్కా, మాది మహబూబ్‌నగర్. పాలమూరు విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చేశాను. డిజిటల్ రిటైల్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఐరోపా దేశాలు కలిసి జీతమిచ్చి మరీ చేయిస్తాయట. ముందు జర్మనీలో ఇంకో మాస్టర్స్ చేస్తే అక్కడే సులభంగా దొరుకుతుందని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నాన్న పొలం మీద అప్పు తెస్తానంటున్నారు. ఏం చేయమంటారు?"

ముందు నాన్నగారిని బ్యాంకుకు వెళ్లకుండా ఆపు చెల్లీ.

నువ్వు అడిగినది మేరీ క్యూరీ పేరిట యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చే డాక్టొరల్ నెట్‌వర్క్. కనీసం మూడు దేశాల సంస్థలు జట్టు కట్టి ఒకే విషయం మీద పరిశోధకులను తీసుకుంటాయి. ఏ దేశస్థులైనా సరే, వయసు పట్టింపు లేదు. అయితే ఒక గట్టి నియమం ఉంది. ఉద్యోగంలో చేరే ముందు 36 నెలల్లో ఆ ఉద్యోగమిచ్చే దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదు. అంటే జర్మనీలో రెండేళ్లు చదివి ఆ వెంటనే దరఖాస్తు పెడితే, జర్మనీ స్థానానికే నువ్వు పనికిరావు! అదే జట్టులో ఇటలీ స్థానానికి పనికొస్తావు, ఇంట్లోనే ఉండి దరఖాస్తు పెడితే అన్నిటికీ పనికొస్తావు. ఇది కన్సల్టెన్సీ చెప్పదు. దాని కమిషన్ ఫీజు కట్టే సీట్లలో ఉంటుంది. ఈ పీహెచ్‌డీ ఏమో కాంట్రాక్టు, సామాజిక బీమా ఉన్న ఉద్యోగం. ప్రకటనలు యూరాక్సెస్ అనే ఐరోపా పరిశోధన ఉద్యోగాల వెబ్‌సైట్‌లో వస్తాయి.

జీతం గురించి ఊళ్లో తొందరపడి చెప్పకు. 2021 నాటి లెక్కలో నెలకు 3,400 యూరోల జీవన భత్యం, వేరే దేశానికి వచ్చి ఉంటున్నందుకు 600 యూరోల మొబిలిటీ భత్యం ఉండేవి. మొదటిది దేశాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. యజమాని కట్టాల్సిన బీమా వాటా కూడా అందులోంచే పోతుంది, ఆపైన పన్ను. అందుకే చేతికి ఎంత వస్తుందో ఇంటర్వ్యూలోనే అడుగు. ఇంకో మాట కూడా సిగ్గుపడకుండా అడగాలి: డబ్బు సాధారణంగా 36 నెలలకే ఇస్తారు, థీసిస్ నాలుగో ఏడాదిలోకి జారితే జీతం ఎవరిస్తారు? నేను ఇలాంటి పీహెచ్‌డీలోనే చేరినప్పుడు అడగలేదు. చివరి ఆరు నెలలు దాచుకున్న డబ్బుతో నెట్టుకొచ్చాను.

మొత్తం కాలంలో మూడో వంతు దాకా జట్టులోని వేరే సంస్థల్లో పనిచేయించవచ్చు. నేను నెదర్లాండ్స్‌లో ఉంటూ ఐర్లాండ్ వెళ్లాల్సి వచ్చింది. రెండూ యూరోపియన్ యూనియన్ దేశాలే కదా అనుకున్నాను. ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో ఐర్లాండ్ లేదు, వీసా వేరే. టికెట్టు డబ్బు పోయింది, ఐదు వారాలు ఆలస్యమైంది. ఇక నీ పరిశోధనకు కావాల్సిన దుకాణాల కొనుగోలు వివరాలంటావా, 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వల్ల ఏ కంపెనీ అయినా న్యాయవాదులను అడిగాకే చేతికిస్తుంది. ఆ అనుమతి పని మొదటి నెలలోనే మొదలుపెట్టించు.

ఇప్పుడు నాకు ఇష్టమైన సంగతి. ఇంటర్వ్యూలో నేను బట్టీపట్టిన సిద్ధాంతాలు వాళ్లు సగంలోనే ఆపేశారు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా మేనమామ కిరాణా దుకాణం గురించి చెప్పడం మొదలుపెట్టాక కుర్చీలు ముందుకు జరిగాయి. 2016లో నోట్ల రద్దు తర్వాత జనం ఫోనుతో డబ్బు కట్టడం నేర్చుకున్నారు, కానీ ఖాతా పుస్తకం మాత్రం గల్లాపెట్టె మీది నుంచి కదలలేదు. నెలాఖరుకు తీర్చే ఉద్దెర బాకీని కూడా ఫోనులోనే కడుతున్నారు. యాప్ వచ్చి నమ్మకాన్ని తీసేయలేదు, దాని పక్కనే కూర్చుంది. ఇరవై నిమిషాలు దాని మీదే ప్రశ్నలు!

నీకు అంతకంటే మంచి సరుకు ఉంది. గద్వాల, నారాయణపేట చీరలను వాట్సాప్ ఫోటోలు చూపించి అమ్ముతున్నారు కదా. ఐరోపాలో ఆన్‌లైన్ కొనుగోలును సాధారణంగా కారణం చెప్పకుండానే 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కుంది. అలాంటి హక్కేమీ లేకుండా, రంగు ఫోటోలో ఒకలా, ఎండలో ఒకలా ఉంటుందని తెలిసీ మన ఆడవాళ్లు డబ్బు ముందే ఎలా పంపుతున్నారు? ఎవరి మాట మీద? ఈ ప్రశ్న తీసుకెళ్లు.

ఈలోగా స్నాతకోత్సవ పట్టా తీసుకుని, విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర అపోస్టిల్ వేయించు. పాస్‌పోర్టులో, మార్కుల మెమోల్లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూసుకో.

వచ్చే ఆదివారం నారాయణపేటలో ఒక చీరల దుకాణంలో పూటంతా కూర్చో. చూసింది రెండు పేజీలు రాసి పంపు. ఇంగ్లీషు నేను దిద్దుతాను.