ఓమ్స్ తగ్గిస్తే బ్యాటరీ మీద లోడ్ పెరుగుతుందా?

ప్రశ్న: సార్, మా బావ బర్మింగ్‌హామ్‌ల ఉంటడు. సిగరెట్ మానేసి వేప్, అంటే బ్యాటరీ మీద నడిచే ఈ-సిగరెట్ పట్టిండు, రెండు 18650 సెల్స్ (టార్చ్‌లల్ల ఏసే లిథియం సెల్స్) ఏసే పెద్ద రెగ్యులేటెడ్ మాడ్ (వేప్ బాడీ), 80 వాట్స్ మీద వాడ్తడు. ఆయన 0.15 ఓమ్స్ కాయిల్ (లోపల వేడెక్కే తీగ చుట్ట) పెడ్త అంటే నేను వద్దన్న, ఓమ్స్ లా ప్రకారం కరెంట్ పెరిగి సెల్ వేడెక్కుతది, 0.4 పెట్టు అన్న. ఆయనేమో నీ బీటెక్ దండగ అంటుండు. ఎవరు కరెక్ట్? - ఒక బామ్మర్ది, కూకట్‌పల్లి

జవాబు: బీటెక్ దండగేం కాదు గానీ ఈసారికి బావే గెలిచాడండీ. మీరు చెప్పింది మెకానికల్ మాడ్‌కి కరెక్ట్, అందులో సెల్‌కీ కాయిల్‌కీ మధ్య ఏమీ ఉండదు కాబట్టి నిండా చార్జ్ అయిన 4.2 వోల్ట్స్ సెల్‌కి 0.15 పెడితే 28 ఆంప్స్ లాగుతుంది, అదే 0.4 అయితే పదిన్నర. రెగ్యులేటెడ్‌లో మధ్యలో సర్క్యూట్ బోర్డు కూర్చుంటుంది. 80 వాట్స్ అడిగితే కాయిల్‌ని చూసుకుని వోల్టేజ్ తనే మార్చుకుంటుంది, 0.15 కైతే 3.5 వోల్ట్స్ దగ్గర 23 ఆంప్స్, 0.4 కైతే 5.7 వోల్ట్స్ దగ్గర 14 ఆంప్స్ ఇస్తుంది. ఇదంతా బోర్డుకీ కాయిల్‌కీ మధ్య లెక్క, సెల్‌కి కాయిల్ ఓమ్స్ తెలియనే తెలియవు, దానికి తెలిసింది వాట్సే.

సెల్ లెక్క వేరే వేసుకోవాలి. బోర్డులో పదో వంతు వేడిగా పోతుందనుకుంటే 80 కి సెల్స్ దాదాపు 89 వాట్స్ ఇవ్వాలి, చార్జ్ అడుగంటి ఒక్కోటి 3.2 కి దిగినప్పుడు, రెండూ సిరీస్‌లో ఉంటే మొత్తం 6.4 కదా, 14 ఆంప్స్ వస్తుంది, కాయిల్ 0.15 అయినా 0.4 అయినా అంతే. చార్జ్ తగ్గేకొద్దీ లాగే కరెంట్ పెరుగుతుందన్నది కూడా గమనించండి, మెకానికల్‌లో దీనికి రివర్స్. ఇదే 80 ని ఒక్క సెల్ మాడ్ మీద లాగితే 28 దగ్గరికి పోతుంది, 20 ఆంప్స్ వరకే తట్టుకునే సెల్ అయితే ఆ పని చెయ్యకూడదు.

మరి ఓమ్స్ దేనికి చూడాలంటే, ఒకటి బోర్డు హద్దులు. బోర్డు 8 వోల్ట్స్ మించి ఇవ్వలేనిదైతే 1.5 ఓమ్స్ కాయిల్‌కి 43 వాట్స్ దాటవు, మీరు స్క్రీన్ మీద 80 పెట్టుకున్నా సరే. రెండోది, అసలుది, తీగ ఎంత ఉందన్నది. దోసె పెనం తెలుసు కదా, పల్చటిది టక్కున వేడెక్కి మాడుస్తుంది, మందంది టైం తీసుకుంటుంది కానీ ఒక్కసారి వేడెక్కిందంటే అంతా సమంగా కాలుతుంది. 0.4 ఒంటి సన్న తీగ అయితే ఉన్న కొంచెం ఉపరితలం మీదే 80 వాట్స్ వేడి, వేప్ ద్రవం పీల్చుకునే దూది ఆరిపోయి మాడు వాసన. 0.15 అంటే సాధారణంగా మందపు తీగో, రెండు 0.3 కాయిల్స్ ప్యారలల్‌లోనో ఉంటాయి కాబట్టి ఆ వాట్స్‌ని మోయగలవు. ఓమ్స్ నంబర్ ఒక్కటే చూస్తే ఇవేవీ తెలియవు, రెడీమేడ్ కాయిల్ మీద వాట్స్ రేంజ్ ప్రింట్ చేసి ఉంటుంది, బావని అది చూసుకోమనండి.

అన్నట్టు కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చౌక మల్టీమీటర్‌తో 0.15 కొలవబోయేరు, ప్రోబ్స్ రెండూ తాకిస్తేనే అది 0.2, 0.3 చూపిస్తుంది.

ఇంకోటి, బావ సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ వేప్‌ని బ్యాగులో వేసుకు రావొద్దని చెప్పండి. 2019 చట్టంతో మన దేశంలో వీటి దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధం. దిగుమతికి మొదటిసారే ఏడాది దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో.

ప్రశ్న: టార్చ్‌కి ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ 18650 సెల్ తీసుకున్నా, గంటన్నరకే అయిపోతోంది. టార్చ్ పాడైందా? - దిల్‌సుఖ్‌నగర్ పాఠకుడు

జవాబు: టార్చ్‌ని అనకండి పాపం. ఆ సైజులో మంచి కంపెనీ సెల్స్ మామూలుగా 2500 నుంచి 3500 మధ్యే ఉంటాయి, 9900 అన్నది ఆ రేపర్ మీద మాత్రమే ఉంది. వీలైతే రిటర్న్ పెట్టేయండి.